కోట రాణి గణపాంబ



కృష్ణానదికి దక్షిణమున, నేడు పత్తియు మిరపయు పండుచున్న ఈ నల్లరేగడి నేలకు పూర్వము ఆరువేల నాడని పేరు. సంస్కృతమున దీనిని షట్సహస్రదేశమని వ్రాసిరి. ఆరువేల నియోగులను శాఖాభేదమునకు ఈ నాటి పేరే మూలమని పెద్దలు చెప్పుదురు. పదుమూడవ శతాబ్దిలో ఈ నాటితో సంబంధము గల యొక రాణిని గూర్చి మీకు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఆమె పేరు గణపాంబ. కాకతి గణపతిదేవ చక్రవర్తికి కూతురు. ధాన్యకటకము నేలిన కోట వంశీయుడగు బేతరాజునకు భార్య. రుద్రమదేవికి తోబుట్టువు.

రుద్రమ పేరు వినని తెలుగువాడు లేడు. గణపాంబ పేరు ఆమె యేలిన నేలమీదనే విన్నవారు అరుదు. ఒక తండ్రి బిడ్డలలో ఒకరి పేరు నిలిచి, మఱియొకరి పేరు మఱుగుపడుట యెట్లు జరిగినది? చనిపోయిన మనుష్యునకు లోకములో స్థాన మిచ్చువారెవరు? తీసివేయువారెవరు? ఈ ప్రశ్నలకు ఆమె కథ కొంత సమాధానము చెప్పగలదని నా నమ్మకము.

ఆమెను గూర్చి మనకు ముఖ్యముగా తెలుపునది యనమదల గ్రామములోని శిలాశాసనము. దీనిని హుల్‌ష్ పండితుడు పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా మూడవ సంపుటమున ప్రకటించెను. శాసనములోని కాలము శకవర్షము 1172. శకవర్షములకు 78 కలిపినచో క్రీస్తుశకము వచ్చును గావున, ఇది 1250 ప్రాంతపుమాట. మీ యూరి గుడిలో శకవర్షము వేసిన రాయి యున్నచో మీరును ఈ లెక్క వేసికొనవచ్చును.

ఆ కాలపు పరిస్థితి కొంచెము తెలిసికొనవలెను. గణపతిదేవుడు 1199లో ఓరుగల్లున రాజ్యమునకు వచ్చి అరువది యేండ్లకు మించి యేలెను. ఆయన రాజ్యము తొలుత మెరకసీమకు సంబంధించినది. తీరదేశముపై ఆయన దృష్టి తొలినాళ్లలోనే పడినది. కారణము స్పష్టము. మెరకసీమలో చెరువులు త్రవ్వి పంట పండింపవచ్చును గాని, ఓడలు రావలెనన్నచో సముద్రము కావలెను. చినగంజాము దాపుననున్న మోటుపల్లి ఆ కాలమున గొప్ప రేవు. గాలివానకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పాలకులు లాగుకొను పాడియలవాటును మాన్పి, న్యాయమైన సుంకము మాత్రమే పుచ్చుకొందుమని గణపతిదేవుడు విదేశవర్తకులకు అభయ మిచ్చిన శాసనము ఆ యూరనే యున్నది. అది 1244–45 నాటిది.

తీరదేశమును గెలిచినంతమాత్రమున అది నిలువదు. ఇక్కడ వేరునాటుకొనిన రాజకుటుంబములు పెక్కు లుండెను. గణపతిదేవుడు కత్తితో గెలిచినదానిని పెండ్లిపందిళ్లలో స్థిరపఱచుకొనెను. దివిసీమకు చెందిన అయ్యవంశపు జాయపసేనాని తోబుట్టువులైన నారమ, పేరమలను తాను వివాహమాడెను. రుద్రమను నిడదవోలు చాళుక్యుడగు వీరభద్రునకిచ్చెను. గణపాంబను ధాన్యకటకపు బేతరాజునకిచ్చెను. పటము ముందు పెట్టుకొని చూచినచో ఈ పెండ్లిండ్లు గోదావరి మొదలు కృష్ణ దక్షిణపుటొడ్డు వఱకు వేసిన కంచెవలె కనబడును. ఆ కంచెలోని గుంజలు ఆడుబిడ్డలు. వారి యిష్టానిష్టములను ఏ శాసనమును వ్రాయలేదు. కాని గుంజ ఊడినచో కంచె పడిపోవునను సంగతి తండ్రికి తెలిసియే యుండును.

గణపాంబ కాలుమోపిన కోటవారి యిల్లు సామాన్యమైనది కాదు. వారి రాజధాని ధాన్యకటకము, నేటి ధరణికోట. దానిని అంటియున్నదే అమరావతి. 2022లో జిల్లాలు తిరిగి విభజించినప్పుడు ఆ ప్రాంతము పల్నాడు జిల్లాలో చేరినది. ఒకవంక అమరేశ్వరాలయము, మఱియొకవంక పురాతనమైన బౌద్ధస్తూపము, రెండింటికిని వారు కాపుదారులు. శక 1104లో, అనగా 1182లో, ఆ వంశపు కేతరాజు అమరేశ్వరునితోపాటు బుద్ధదేవునకును గ్రామములను, అఖండదీపములను సమర్పించెనని అమరావతి స్తంభశాసనము చెప్పుచున్నది. ఆయన అంతఃపురస్త్రీలును బుద్ధునకు దీపము లిచ్చిరి. మఱి యేబది సంవత్సరములు గడచిన పిమ్మట, 1234లో, ఆ బుద్ధునకే దీపమిచ్చిన రాజస్త్రీ మఱియొకతె కలదు. శివుని కొలుచు రాజులు బౌద్ధస్తూపమున దీపమారనీయక కాచిరనుట మనము మఱువరాని విషయము. ఆ యింటి స్త్రీలు తమ పేరిట దానము చేసి, ఆ పేరును రాతిమీద చెక్కించుకొను వాడుక అక్కడ గణపాంబకు ముందే కలదు.

బేతరాజు ముందుగా గతించెను. ఆ నాటి రాణులకు అట్టి స్థితిలో కొన్ని త్రోవలు మాత్రమే యుండెడివి. భర్తతో చితి నెక్కుట యొకటి. దానిని తెలుపు సతీశిలలు పలుచోట్ల మన పొలిమేరలలో నేటికిని నిలిచియున్నవి. పుట్టింటికి మరలిపోవుట రెండవది. గణపాంబ ఈ రెండింటిని చేయలేదు. అత్తవారి నేలమీదనే నిలిచి ఆ నాటి పాలనము వహించెనని చరిత్రకారులు గ్రహించిరి. ఆమె చేసిన పనులలో మూడింటిని యనమదల శాసనము వలన తెలిసికొనుచున్నాము. ధాన్యకటకపు అమరేశ్వరుని యాలయమునకు బంగారు కలశము లెత్తించెను. భర్త పేర బేతేశ్వరుడను శివుని ప్రతిష్ఠించి ఆలయము కట్టించెను. తండ్రి పేర గణపేశ్వరాలయమును నెలకొల్పెను.

ఈ మూడు పనులలో గల వివేకమును కొంచెము వివరించెదను. మన దేశమున చనిపోయినవారికి బిరుదులిచ్చు కార్యాలయము లేదు. దానికి మాఱుగా మనకొక పద్ధతి కలదు. గతించినవాని పేరునకు ఈశ్వరశబ్దము చేర్చి లింగమును ప్రతిష్ఠింతురు. బేతుడు బేతేశ్వరుడగును. చోడుడు చోడేశ్వరుడగును. జాయపసేనాని చేబ్రోలున తన తండ్రి చోడుని పేర కట్టించిన గుడి చోడేశ్వరమే. ఈ పద్ధతికి జీవించియున్నవారును అర్హులే. ఆ జాయపుడే దివిసీమలో తన ప్రభువు పేర గణపేశ్వరమును కట్టించెను. మనుష్యుడు దేవుడైనాడని దీనియర్థము కాదు. అర్చకుడు నిత్యము సంకల్పము చెప్పునపుడెల్ల ఆ పేరు పలుకబడును. ధూపదీప నైవేద్యములకు మాన్యముండును. మాన్యము సాగినన్నాళ్లు పేరు సాగును. అనగా చనిపోయినవానికి భూమి యాధారముగా ఒక శాశ్వతమైన నోటిమాట యేర్పడును.

ఇప్పుడు గణపాంబ చేసిన పని చూడుడు. అమరేశ్వరునకు కలశము లెత్తించుటచేత అత్తవారి యిలవేల్పును గౌరవించినది. బేతేశ్వరముచేత భర్తకు స్థానమిచ్చినది. గణపేశ్వరముచేత పుట్టింటిని మఱువలేదని చెప్పినది. రెండువంశములకు నడుమ కట్టిన వారధిగా ఆమెను తండ్రి పంపెను. భర్త గతించిన తరువాతను ఆ వారధి కూలనీయలేదు. ఇంతయు చేసి, తన పేర గుడి కట్టుకొన్నట్లు ఆ శాసనమున లేదు. ఆమె పేరు దాతగా మాత్రమే నిలిచినది. ఇతరులకు స్థానమిచ్చిన మనిషి తనకు స్థానమడుగలేదు.

దూరదేశమున ఇట్టి విషయమెట్లు నడచెనో యొక దృష్టాంతము చెప్పెదను. కొరియాదేశమున రాజులకును రాణులకును మరణానంతరము బిరుదునామములిచ్చి, వారి పేర కొయ్యపలకలను రాజకుల పూజామందిరమున నిలుపు ఆచారముండెను. పలక యున్నచో పూజ. పలక లేనిచో ఆమె రాణియే కాదు. అక్కడ 1392లో క్రొత్త రాజవంశమును స్థాపించిన యీ సోంగ్యే యను రాజునకు సిందోక్ అను రెండవ రాణి యుండెను. ఆమె 1396లో మరణించినది. రాజు ఆమెయందలి ప్రేమచేత సమాధిని రాజధానిలోపలనే కట్టించెను. ఆమె చిన్నకొడుకును యువరాజుగా చేసియుండెను. మొదటి భార్య కొడుకొకడు దానికి ఓర్వక, 1398లో ఆ యువరాజును చంపించి, 1400లో తాను సింహాసనమెక్కెను. తండ్రి గతించిన మఱుసటి సంవత్సరము, 1409లో, సవతితల్లి సమాధిని ఊరివెలుపలికి పెకలించి పంపెను. 1410లో ఆ సమాధిరాళ్లను నగరములోని వాగుమీద వంతెనకు వాడించెను. రాణిగా ఆమెకు జరుగవలసిన పూజ నిలిచిపోయినది. జనులు ఆమె రాళ్లను త్రొక్కుచు నడచిరి. సమాధి చెడిన రెండువందల యరువది యేండ్లకు, 1669లో, పండితులు వాదించి ఆమెకు రాణిపదవిని మరల నిలిపి, పలకను పూజామందిరమునకు చేర్చిరి. చనిపోయిన స్త్రీ గౌరవము బ్రతికియున్నవారి పగలమీదను, న్యాయబుద్ధిమీదను ఆధారపడియుండునని ఈ కథ చెప్పుచున్నది.

మనయొద్ద పగచేత రాళ్లను పెకలించినట్లు లేదు. మనయొద్ద జరిగినది మఱపు, మఱపుతోపాటు పొరపాటు. దానికి రుద్రమదేవి కథయే సాక్షి. ఆమె గణపతిదేవుని కూతురు. కాని ప్రతాపచరిత్రమువంటి వెనుకటి గ్రంథములు ఆమెను గణపతిదేవుని భార్యగా చెప్పినవి. పదుమూడవ శతాబ్ది చివర మోటుపల్లి రాజ్యమును గూర్చి వ్రాసిన మార్కోపోలో యను వెనీసు వర్తకుడును ఆ రాణిని చనిపోయిన రాజుయొక్క భార్యగానే వర్ణించెను. ఆమె న్యాయమును, శాంతిని మెచ్చుకొనెను గాని, సంబంధము తప్పెను. సింహాసనమున స్త్రీ యున్నదన్నచో, ఎవరో రాజునకు భార్యయై యుండవలెనని జనులు ఊహించిరి. తండ్రి కూతురికి రాజ్యమిచ్చునని వారికి తోచలేదు.

ఈ పొరపాటును దిద్దిన రాళ్లలో ముఖ్యమైనది మన సీమలోనిదే. మందడము దాపుననున్న మల్కాపురములో 1261 నాటి శాసనము గలదు. విశ్వేశ్వర శివాచార్యులను గురువునకు గణపతిదేవుడును, ఆయన కూతురు రుద్రమయు ఇచ్చిన దానములను అది చెప్పుచున్నది. ఆ దానపు రాబడిలో నుండి మఠమున పాఠశాలయు, అన్నసత్రమును, వైద్యశాలయు, పురుళ్లు పోయుటకు ప్రసూతిశాలయు నడిచినవి. రుద్రమ కూతురని ఆ రాయి చెప్పగా, వందలయేండ్లుగా నడచిన కథ నిలువలేకపోయినది. ఆమె మరణమును గూడ రాయియే తెలిపినది. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనమున, 1289లో రుద్రమయు ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకప్రాప్తి నొందిరనియు, వారి పుణ్యముకొఱకు ఒక సేవకుడు భూమి నిచ్చెననియు వ్రాసియున్నది. చక్రవర్తినికి ఆ గౌరవము చేసినది రాజులు గాదు, ఒక సేవకుడు. ఆ చిన్న మాన్యపుఱాయి లేనిచో ఆమె కడపటి దినము మనకు తెలియదు.

రాయి లేనిచోట కథ యేమగునో పడమటి ప్రాంతమునందలి కంభము చెఱువు చెప్పును. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన ఆ గొప్ప చెఱువును కృష్ణదేవరాయల భార్యయు, గజపతి కూతురునగు వరదరాజమ్మ కట్టించెనని జనశ్రుతి. ఆమెను కొందఱు తుక్కా యందురు. కొందఱు జగన్మోహిని యందురు. అన్నపూర్ణ యనువారును గలరు. రాయల ఆదరము తప్పి ఆమె కంభమున ఒంటరిగా కాలము గడపెనని కథ. పేరు నిలుకడగా లేదు, కథ మాత్రము నిలిచినది. చెఱువుక్రింద పండు వరికి పేరుతో పనిలేదు గాని, ఆ చెఱువు నీరు త్రాగువారికి ఒక తల్లి పేరు కావలెను. అందుచేత వారు తమకు తోచిన పేర్లతో ఆమెను బ్రతికించుకొనిరి. గణపాంబకు రాయి మిగిలినది, కథ మిగులలేదు. కంభపురాణికి కథ మిగిలినది. పేరు పదిలముగా బ్రతుకవలెనన్నచో ఈ రెండును కావలెనని నేను తలచుచున్నాను.

పెద్దలారా, ఇది పాతకాలపు ముచ్చట యని విడువవలదు. గణపాంబ కథలో మన యిండ్లకు సంబంధించిన మాట యొకటి యున్నది. భర్త పోయిన స్త్రీకి మనము ఏ స్థానమిచ్చుచున్నాము? శుభకార్యమున ఆమె ఎదురువచ్చినచో ముఖము త్రిప్పుకొను ఇండ్లు ఇంకను గలవు. ఏడువందల డెబ్బదియేండ్ల క్రిందట అట్టి స్త్రీయే అమరేశ్వరుని శిఖరమున బంగారు కలశ మెత్తించినది. ఆ కలశమును అశుభమని దింపినవాడు లేడు.

ఆస్తివిషయమున మన ధర్మశాస్త్రవ్యవహారము చాలకాలము ఆమెకు తిండియు బట్టయు మాత్రమే చాలునన్నది. 1937 నాటి శాసనము భర్త భాగములో ఆమెకు జీవితకాలపు హక్కు నిచ్చినది. 1956 నాటి హిందూ వారసత్వశాసనము ఆ హక్కును సంపూర్ణము చేసినది. 1985లో, మన రాష్ట్రమున, పెండ్లికాని కూతుళ్లకు సమష్టికుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానమైన పాలు కలిగినది. 2005లో దేశమంతట కూతుళ్లందఱికి ఆ పాలు వచ్చినది. శాసనము పుస్తకములో నున్నంతమాత్రమున పొలము పేర మాఱదు. అడంగలులో పేరు వ్రాయించుట మీవంటి పెద్దల పూనికవలననే జరుగును.

1987–88లో తెల్లదోమ మన పత్తిచేలమీద పడి గుంటూరు, ప్రకాశము సీమల రైతును అప్పులపాలు చేసినపుడు, కొందఱు ప్రాణములు తీసికొనిరి. ఆ యిండ్లలో మిగిలినవారు భార్యలు. అప్పు తీర్చి, కౌలుకు దున్నించి, మిరపనారు పోయించి, పిల్లలను చదివించిన తల్లులు ఈ నేలమీద పెక్కుమంది గలరు. వారికి శాసనము చెక్కించిన వారు లేరు. వారు గడపిన బ్రతుకునకును గణపాంబ గడపిన బ్రతుకునకును హోదాలో భేదమున్నది గాని, భారములో భేదము లేదని నా యభిప్రాయము. పొలమున పనిచేసిన చేతికి పట్టాలో పేరుండుట ధర్మము.

ఇక రాళ్లను గూర్చి యొకమాట. మన యూళ్లలో శాసనములు గుడిగోడలలోను, మండపస్తంభములమీదను, ఒక్కొక్కచో రచ్చబండమెట్లుగాను పడియున్నవి. వానిపై సున్నము కొట్టరాదు. రంగు పూయరాదు. కత్తులు నూరరాదు. అక్షరములు బాగుగా కనబడవలెనని ఉలితో మరల చెక్కింపరాదు. అట్లు చెక్కినచో లోపలి మాట మాఱిపోవును. శాస్త్రజ్ఞులు వానిని చదువు పద్ధతి తేలికైనది. రాతిని నీటితో కడిగి, తడిపిన దళసరి కాగితమును దానిపై పఱచి, అక్షరపు గుంటలలోనికి దిగునట్లు కుంచెతో కొట్టుదురు. తేమ యారుచుండగా పైన మసి యద్దుదురు. అప్పుడు అక్షరములు తెల్లగను, తక్కినభాగము నల్లగను కాగితముపై పడును. రాతికి ఏ హానియు కలుగదు. క్రొత్త రాయి యేదైన పునాదులలో బయటపడినచో పురావస్తుశాఖవారికి కబురంపుడు. అది చదువువరకు దానిని పగులగొట్టనీయకుడు. మల్కాపురపు రాయిని ఏ కాలముననో ఎవరైన మెట్టుగా నఱికియుండినచో, రుద్రమ నేటికిని తండ్రికి భార్యగానే లెక్కింపబడుచుండెడిది.

అమరావతికి మీరు పోవునపుడు, పంచారామములలో నొకటియగు అమరేశ్వరుని దర్శింతురు. ఆ గుడిని పదునెనిమిదవ శతాబ్ది చివర బాగుచేయించిన వాసిరెడ్డి వేంకటాద్రినాయని పేరు మీకు వినిపింతురు. కృష్ణదేవరాయలు 1515లో కొండవీడు గెలిచి, రాణులతో వచ్చి అక్కడ తులాపురుషదానము చేసినమాటయు చెప్పుదురు. అవి రెండును నిజములే. వానితోపాటు, భర్త గతించిన తరువాత ఆ శిఖరమునకు బంగారు కలశములెత్తించిన కోట గణపాంబ పేరును మీ మనుమలకు, మనుమరాండ్రకు చెప్పుడు. రాయి తన పని తాను చేసినది; తక్కినపని నోటితో జరుగవలసినది.